వ్యాపారానికి పాత చిన్న వ్యాను కొనడం: తిరుపతి, చిత్తూరు వ్యాపారులకు ఒక మార్గదర్శిని

పాత వ్యాను కొనాలని అనుకున్నాక, బండ్లు చూడటానికి వెళ్లే ముందు ఒక వారం రోజులు మీ దుకాణం నుంచి బయటికి వెళ్లే సరుకును తూకం వేసి పుస్తకంలో రాసుకోండి. ఏ రోజు ఎన్ని కిలోలు వెళ్లాయి, ఎంత దూరం వెళ్లాయి, ఏ వీధుల్లోకి వెళ్లాయి, ఒక్కో ట్రిప్పులో బండి ఎన్నిచోట్ల ఆగింది అన్న సంగతులు కాగితం మీద ఉంటే, బ్రోకరు నోరు తెరవకముందే ఏ బండ్లు మీకు పనికిరావో తెలిసిపోతుంది. తిరుపతి బేరి వీధిలో పూజాసామగ్రి అమ్మే వ్యాపారికీ, చిత్తూరు మండీలో బెల్లం ఎత్తే వ్యాపారికీ ఒకే బండి సరిపోదు. బొరుగుల మూటలను పైకప్పు దాకా నింపినా బండికి పెద్దగా బరువు తెలియదు. అదే చోటులో సగం మేర బెల్లం దిమ్మెలు పేరిస్తే వెనుక భాగం కుంగిపోతుంది. మొదటి వ్యాపారికి కావలసింది లోపలి చోటు, రెండో వ్యాపారికి కావలసింది మోసే శక్తి.

పాత బండి విలువను రెండు విషయాలు నిర్ణయిస్తాయని నా గట్టి అభిప్రాయం. ఆ బండి చట్టప్రకారం ఏ పనికి నమోదైంది అన్నది మొదటిది, నిండు బరువుతో అది ఎలా నడుస్తుంది అన్నది రెండోది. కొత్తగా వేయించిన రంగు, సీటు కవర్లు, పాటల పెట్టె వంటివి ఈ రెండూ తేలాక చూసుకోవచ్చు.

ఏ బండి

మన ప్రాంతంలో పాత చిన్న సరుకు బండ్లంటే ముఖ్యంగా మారుతి ఓమ్నీ, మారుతి ఈకో, టాటా ఏస్, మారుతి సూపర్ క్యారీ, అశోక్ లేలాండ్ దోస్త్, మహీంద్రా సుప్రో వంటివి కనిపిస్తాయి. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది కనుక, ఎంత చవకగా వచ్చినా దాన్ని రోజువారీ వ్యాపారానికి కొనవద్దనే నేను చెబుతాను. ఈకో 2010లో వచ్చింది, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజినుతో, వెనుక చక్రాల డ్రైవ్‌తో నడిచే మూసిన బండి కాబట్టి పూలకూ, మందులకూ, బేకరీ సరుకుకూ, ఎలక్ట్రికల్ సామానుకూ అనువుగా ఉంటుంది. 2022 నవంబరు నుంచి ఈకోకు కొత్త ఇంజిను వస్తోంది కనుక, బండి ఆ తేదీకి ముందుదా తర్వాతదా అన్నది తెలుసుకుని, విడిభాగాలు అడిగేటప్పుడు ఆ సంగతి చెప్పాలి.

టాటా ఏస్ 2005లో మార్కెట్లోకి వచ్చింది. మొదటి తరం ఏస్‌లో ఉన్నది దాదాపు 700 సీసీల, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిను కనుక, నిలబడి ఉన్నప్పుడు బండి కొంత వణకడం దాని స్వభావమే. ఆ వణుకును చూసి మంచి బండిని వదులుకోకూడదు, ఆ వణుకు పేరు చెప్పి ఇంజిను మౌంటింగుల (ఇంజినును బండికి పట్టి ఉంచే దిమ్మెల) లోపాన్ని కప్పిపుచ్చే అమ్మకందారును నమ్మకూడదు. గేరు వేసి క్లచ్ వదిలేటప్పుడు ముందున్న అద్దం, డ్యాష్‌బోర్డు కలిసి కొట్టుకుంటున్నాయంటే మౌంటింగులు పోయినట్టే. సూపర్ క్యారీ 2016లో వచ్చింది. మారుతి సంస్థ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ బండ్లు మానేసింది కాబట్టి, డీజిల్ సూపర్ క్యారీ కొనదలచినవారు ముందుగా స్థానిక షెడ్డులో విడిభాగాల లభ్యత కనుక్కోవడం మంచిది. టన్నుకు మించిన బరువు రోజూ మోయవలసి ఉంటే దోస్త్ తరగతి బండ్ల వైపు చూడాలి తప్ప, ఏస్ మీద అదనంగా కమాను పట్టీలు వేయించి నెట్టుకు రావాలని చూడకూడదు.

ఎంత బరువు మోయవచ్చో ఆర్సీలోనే (బండి నమోదు పత్రంలోనే) ఉంటుంది. అందులో మొత్తం బరువు, ఖాళీ బరువు అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసివేస్తే మిగిలేదే మీకు చట్టం అనుమతించే బరువు. ఉదాహరణకు మొత్తం బరువు 1,550 కిలోలు, ఖాళీ బరువు 840 కిలోలు అని ఉంటే మిగిలేది 710 కిలోలు, అందులో డ్రైవరు, పక్కన కూర్చునే మనిషి కూడా కలిసే ఉంటారు. మీ పుస్తకంలో రాసుకున్న అతి బరువైన రోజును ఈ అంకెతో పోల్చి చూడండి. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండ్లకు మోటారు వాహనాల చట్టంలోని 66వ సెక్షను కింద పర్మిట్ అవసరం లేదు. ఇది చిన్న వ్యాపారికి పెద్ద వెసులుబాటు, కానీ ఎఫ్సీకి (బండి నడపడానికి తగిన స్థితిలో ఉందని పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రానికి), పన్నుకు, ఇన్సూరెన్సుకు ఈ మినహాయింపు వర్తించదు. వేలూరుకో బెంగళూరుకో సరుకు పంపేవారు సరిహద్దు దాటే ముందు ఆ రాష్ట్రపు పన్ను నిబంధనలను విడిగా కనుక్కోవాలి.

బోర్డు రంగు

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే కాబట్టి దీనిని కొంత వివరంగా చెబుతాను. సొంత వాడకానికి నమోదైన తెల్ల బోర్డు ఈకో, సరుకు బండిగా నమోదైన పసుపు బోర్డు ఈకో కన్నా చూడటానికి బాగుంటుంది, చాలావరకు తక్కువ కిలోమీటర్లే తిరిగి ఉంటుంది, దానికి 15 ఏళ్ల దాకా ఎఫ్సీ బాధ ఉండదు. అందుకే "మన సొంత సరుకే కదా, తెల్ల బోర్డు చాలు" అని అమ్మేవారు చెబుతారు, కొనేవారు నమ్ముతారు. చట్టంలో సరుకు బండికి ఇచ్చిన నిర్వచనం ప్రకారం, సరుకు కోసమే తయారు కాని బండి అయినా సరే, దానిని సరుకు రవాణాకు వాడినప్పుడు అది సరుకు బండి కిందికే వస్తుంది. రోజూ దుకాణం సరుకు తోలే తెల్ల బోర్డు వ్యానును అధికారులు ఆపితే జరిమానా పడుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇన్సూరెన్సు దగ్గర ఉంది: సొంత వాడకం పాలసీ ఉన్న బండి సరుకుతో వెళ్తూ ఎవరినైనా గుద్దితే, పాలసీ షరతు ఉల్లంఘించారంటూ కంపెనీ క్లెయిమును తోసిపుచ్చడానికి అవకాశం దొరుకుతుంది. ఒక్క ప్రమాదపు నష్టపరిహారం చిన్న వ్యాపారాన్ని మూయించగలదు. తెల్ల బోర్డు బండి తప్ప వేరేది దొరకకపోతే, దాన్ని సరుకు బండి తరగతికి మార్పించడానికి అయ్యే పన్ను తేడా, ఎఫ్సీ, కొత్త పాలసీ ఖర్చులను ముందే ఆర్టీవో కార్యాలయంలో అడిగి, ఆ మొత్తాన్ని బండి ధరలోంచి తగ్గించి బేరమాడాలి.

పసుపు బోర్డు ఉన్నంత మాత్రాన కూడా పని పూర్తయినట్టు కాదు. తిరుపతిలో కాణిపాకానికీ శ్రీకాళహస్తికీ యాత్రికులను తిప్పిన ట్యాక్సీ వ్యాన్లకూ అదే పసుపు రంగు, అవే నల్ల అక్షరాలు ఉంటాయి. సీట్లు తీసేసి సరుకు బండిగా అమ్మకానికి పెట్టినా, ఆర్సీలో బండి తరగతి ప్రయాణికుల క్యాబ్ అనే ఉంటుంది. ఆర్సీలో ఆ ఒక్క గడి చదవకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. పైగా యాత్రికులను తిప్పిన బండి ఘాట్ రోడ్ల మీద ఎక్కీ దిగీ ఉంటుంది కనుక బ్రేకులు, క్లచ్, గేరుబాక్సు బాగా అరిగి ఉండే అవకాశం ఎక్కువ.

డ్రైవరు లైసెన్సు విషయంలో ఇప్పుడు స్పష్టత ఉంది. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్న వ్యక్తి 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని విడిగా ఎండార్సుమెంటు (లైసెన్సు మీద అదనపు అనుమతి) లేకుండా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్పు ఇచ్చింది. చిన్న వ్యాన్లన్నీ ఈ పరిమితిలోపే ఉంటాయి.

కాగితాలు

బండి నంబరు తీసుకుని ఎంపరివాహన్ యాప్‌లో చూస్తే నమోదు తేదీ, బండి తరగతి, ఎఫ్సీ గడువు, ఇన్సూరెన్సు గడువు, ఫైనాన్సు ఉందా లేదా అన్నది, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నది తెలుస్తాయి. యజమాని చూపించే ఆర్సీతో వీటిని గడి గడిగా సరిచూడాలి. నంబరు మొదటి అక్షరాలు కూడా కొంత చెబుతాయి: ఏపీ 03 అంటే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో నమోదైన బండి, రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస వచ్చిన 2019 కన్నా ముందుది. ఏపీ 39 అని ఉంటే ఆ నంబరును బట్టి బండి ఏ జిల్లాదో చెప్పలేం కాబట్టి ఆర్సీలో కార్యాలయం పేరు చూడాలి.

టీఎన్ 23 అంటే వేలూరు, కేఏ 07 అంటే కోలారు. సరిహద్దు జిల్లా కావడంతో చిత్తూరుకు ఈ బండ్లు చాలా వస్తాయి, చూడగానే ధర తక్కువగానే అనిపిస్తుంది. అయితే పక్క రాష్ట్రపు బండికి అక్కడి ఆర్టీవో ఇచ్చే 28వ నంబరు ఫారం ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, ఇక్కడ మళ్లీ నమోదు చేయించాలి, ఆంధ్రప్రదేశ్ పన్ను కట్టాలి. ఈ ఖర్చు కలుపుకున్నాక కూడా చవకగా ఉంటేనే అటు చూడండి. పాత నంబరుతోనే తిప్పుకోవచ్చని ఎవరైనా చెబితే వినవద్దు. బండి మరో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలని చట్టం చెబుతోంది.

ఎఫ్సీ లెక్క కూడా ధరలో భాగమే. ఎనిమిదేళ్ల లోపు రవాణా బండికి రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఎఫ్సీ చేయించాలి. బండి బాగా పాతబడ్డాక పరీక్ష ఫీజు కూడా పెరిగేలా కేంద్రం నిబంధనలు మార్చింది. ఎనిమిదేళ్లు దాటగానే ఎఫ్సీ ఖర్చు ఏటా వస్తుంది కనుక, ఏడేళ్ల బండికీ తొమ్మిదేళ్ల బండికీ మధ్య తేడా కేవలం రెండేళ్ల అరుగుదల కాదు. ఎఫ్సీ గడువు తీరిన బండిని "మీరే చేయించుకోండి, పదివేలు తగ్గిస్తాం" అని అమ్మజూపితే, ఆ ఎఫ్సీ ఎందుకు చేయించలేదో మెకానిక్ చేత చూపించి తెలుసుకోండి.

ఫైనాన్సు ఉన్న బండి విషయంలో కంతులు తీరాయన్న మాట చాలదు. ఫైనాన్సు కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఆ కంపెనీ సంతకం చేసిన 35వ నంబరు ఫారం (అప్పు తీరిందని ఆర్టీవోకు తెలిపేది) చేతికి రావాలి, ఆర్సీలోంచి వారి పేరు తొలగాలి. "మిగిలిన కంతులు మీరు కట్టుకుంటూ పోండి, అన్నీ తీరాక పేరు మారుద్దాం" అనే ఒప్పందం మన ప్రాంతంలో చాలా మామూలు విషయం. అది అంతే ప్రమాదకరం కూడా. ఆ కాలమంతా బండి మీది కాదు, అప్పు మాత్రం మీ జేబులోంచి తీరుతూ ఉంటుంది, పాత యజమాని ఇంకెక్కడైనా బాకీపడితే చిక్కు మీ దాకా వస్తుంది. కంతులు కట్టలేదని ఫైనాన్సు వారు స్వాధీనం చేసుకున్న బండ్లను యార్డుల్లో అమ్ముతారు, వాటిలో మంచివి దొరకవచ్చు. అయితే ఫైనాన్సు సంస్థ 36వ నంబరు ఫారం ద్వారా ఆర్సీని తన పేరున మార్చుకుందా లేదా అన్నది చూసుకోవాలి, లేదంటే మీ పేరు మార్పు ఆర్టీవోలో ఆగిపోతుంది.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మరొక పరిశీలన తప్పనిసరి. శేషాచలం అడవుల నుంచి ఎర్రచందనం తరలించే ముఠాలు పాత వ్యాన్లను, పికప్‌లను వాడతాయి. పట్టుబడిన బండిని అటవీశాఖ జప్తు చేస్తుంది. సరిహద్దుల్లో మద్యం రవాణా కేసుల్లోనూ బండ్లు చిక్కుతుంటాయి. కేసులో ఉండి తాత్కాలికంగా విడుదలైన బండిని తక్కువ ధరకు తెలియనివారికి అంటగట్టే ప్రయత్నాలు జరుగుతాయి కాబట్టి, ధర మరీ తక్కువగా ఉంటే ముందు కారణం వెతకండి. దొంగతనం కేసుల్లో ఉన్న బండ్ల వివరాలను జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి వాహన్ సమన్వయ్ సేవలో పౌరులే చూసుకోవచ్చు. దాంతోపాటు పోలీసు ఈ-చలానాలు కూడా చూసి, బకాయిలు ఉంటే అమ్మేవారి చేతనే కట్టించాలి. కాగితాలన్నీ సరిపోయాక, బండి మీద చెక్కిన చేసిస్ (అడుగు చట్రం) నంబరును, ఇంజిన్ నంబరును కళ్లతో చదివి ఆర్సీతో పోల్చాలి. అంకెల చుట్టూ గీకిన జాడలు గానీ, కొత్త వెల్డింగు గానీ కనిపిస్తే అక్కడితో బేరం ఆపేయాలి.

నీట మునిగిన బండ్లు

2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులోనూ చెన్నైలో వరదలు వచ్చాయి. 2021 నవంబరులో మన తిరుపతిలోనే వీధులు నీట మునిగాయి. అలాంటి బండ్లు శుభ్రపడి, రంగు వేయించుకుని కొన్ని నెలలకు అమ్మకానికి వస్తాయి. వాటిని పట్టుకోవడం కష్టమేమీ కాదు. డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. బెల్టులో మామూలుగా లోపలే చుట్టుకుని ఉండే భాగం మీద బురద గీత ఉంటే అది నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చెబుతుంది. సీటు కింద బోల్టులు, స్టీరింగు కింద వైరు కనెక్టర్ల లోపలి రాగి పిన్నులు చూడాలి. ఆకుపచ్చని తుప్పు పట్టి ఉంటే ఆ బండి ఇవాళ స్టార్టు కావచ్చు, రేపు మధ్య దారిలో ఆగిపోతుంది. తలుపులు, అద్దాలు మూసి పది నిమిషాలు ఎండలో పెట్టి తెరిస్తే ముక్కిన వాసన వచ్చే బండిని తీసుకోవద్దు.

ఇంజిను, అడుగు భాగం

అమ్మే మనిషికి ముందు రోజే ఒక్క మాట చెప్పాలి: మేం వచ్చేదాకా బండి స్టార్టు చేయవద్దు. మీరు వెళ్లగానే సీటు ఎత్తి ఇంజిను మీద చేయి పెట్టి చూడండి. ఈకోలో ఇంజిను ముందు సీట్ల కిందే ఉంటుంది. చల్లారిన ఇంజిను మొదటి సెల్ఫుకే అందుకోవాలి. వేడిగా ఉంటే, చల్లటి స్టార్టులోని లోపాన్ని దాచడానికి ముందే నడిపి ఉంచారని అనుమానించాలి, మరో రోజు తెల్లవారుజామున రావడం మేలు. పొగ గొట్టంలోంచి నీలి పొగ వస్తే ఆయిలు కాలుతోందని అర్థం, అంటే పిస్టన్ రింగులకో, హెడ్డులోని సీళ్లకో పని ఉంటుంది. ఇంజిను వేడెక్కాక కూడా తగ్గని తెల్ల పొగ, ఆయిలు మూత కింద మజ్జిగ రంగు జిగురు, రేడియేటరు నీళ్లలో బుడగలు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిను పైభాగం కింద నీళ్లు, ఆయిలు కలవకుండా ఆపే పొర) పోయిందనడానికి గుర్తులు. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతపు ఎండలో, సరుకుతో, రద్దీ వీధుల్లో తిరిగే బండికి చల్లబరిచే వ్యవస్థే ప్రాణం కనుక ఈ లోపం ఉన్న బండిని ఎంత తగ్గించినా తీసుకోకూడదు. నడుస్తున్న ఇంజినుపై ఆయిలు మూత విప్పినప్పుడు పొగ గుప్పుగుప్పుమని ఎగదన్నితే బోరు (పిస్టన్ ఆడే గొట్టం) అరిగిందని ఏ మెకానిక్ అయినా చెబుతాడు.

సీఎన్‌జీ బండి అయితే సిలిండరు మీద ఉండే పరీక్ష తేదీ చూడాలి. సిలిండరుకు మూడేళ్లకోసారి హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) జరగాలి; ఆ ధ్రువపత్రం అడిగి తీసుకోండి. కంపెనీ నుంచి రాకుండా బయట బిగించిన గ్యాస్ కిట్ అయితే అది ఆర్సీలో ఎక్కి ఉండాలి. ఎక్కని కిట్ ఉన్న బండికి ఎఫ్సీలోనూ, ఇన్సూరెన్సులోనూ చిక్కు వస్తుంది.

సరుకు బండి గతం దాని నేల మీద రాసి ఉంటుంది. వెనుక పరిచిన రెక్సిన్ మ్యాటును మూలల నుంచి పూర్తిగా ఎత్తించండి. అమ్మేవారికి ఇష్టం లేకపోయినా ఇది వదలవద్దు. నెల్లూరు తీరం నుంచి చేపలు, రొయ్యలు తెచ్చిన బండి అయితే ఐసు కరిగిన ఉప్పు నీరు మ్యాటు కింద నిలిచి, నేల రేకును అడుగు నుంచి తినేస్తుంది. పైన రంగు నున్నగానే ఉంటుంది, స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే మాత్రం లోపలికి దిగిపోతుంది. పాల క్యాన్లు మోసిన బండి నేల మీద గుండ్రని సొట్టలు వరుసగా ఉంటాయి, అవి హానికరం కావు, అయితే తలుపు గడప దగ్గర తుప్పు చూడాలి. గ్యాస్ సిలిండర్లు పంచిన బండి ఇంటింటికీ ఆగి బయలుదేరి ఉంటుంది కనుక కిలోమీటర్లు తక్కువ చూపించినా క్లచ్, సెల్ఫ్ మోటారు ఎక్కువ అరిగి ఉంటాయి. ఈకో పక్క తలుపును వేలితో జరిపి చూడండి. పట్టాల మీద బరువుగా కదిలి, మూసేటప్పుడు పైకి ఎత్తవలసి వస్తే, ఆ తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరవాలో గుర్తు చేసుకోండి.

ఏస్, దోస్త్ వంటి బండ్లకు అడుగున నిచ్చెన లాంటి చేసిస్ ఉంటుంది. బండిని గుంట మీద నిలబెట్టి, టార్చి వేసి, రెండు వైపులా దాన్ని చివరిదాకా చూడాలి. వెనుక కమాను పట్టీల బ్రాకెట్ల దగ్గర పగుళ్లు, తర్వాత వేసిన వెల్డింగు అతి బరువుకు సాక్ష్యాలు. కంపెనీ ఇచ్చిన దానికన్నా పట్టీలు ఎక్కువ ఉన్నా అదే అర్థం. కింద ప్రొపెల్లర్ షాఫ్టును (వెనుక చక్రాలకు శక్తిని అందించే పొడవాటి కడ్డీని) చేత్తో పట్టుకుని మెలితిప్పితే టక్ టక్ మన్నదంటే జాయింట్లు పోయాయి. ఈ పనంతా మీకు నమ్మకమైన మెకానిక్ చేతనే చేయించండి, అమ్మేవారు చూపించిన షెడ్డులో కాదు; ఆటోనగర్‌లో ఒక గంట పనికి ఇచ్చే కూలి ఈ కొనుగోలులో అన్నిటికన్నా సార్థకమైన ఖర్చు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణపు) బండి అయితే స్కానరు పెట్టించి లోపాల కోడ్లు కూడా చూడాలి.

కిలోమీటర్ల మీటరు తిప్పడం కష్టం కాదు కనుక ఆ అంకెను ఒంటరిగా నమ్మకూడదు. బ్రేకు పెడలు రబ్బరు గీతలు పూర్తిగా చెరిగిపోయిన బండి ముప్పై వేల కిలోమీటర్లే తిరిగిందంటే ఎవరూ ఒప్పుకోరు. బండి నంబరు చెబితే కంపెనీ సర్వీసు సెంటరులో పాత సర్వీసు వివరాలు దొరుకుతాయి, యజమానిని వెంట తీసుకెళ్లి చూపించమనండి. టైరు పక్కన నాలుగు అంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. 2321 అంటే 2021వ సంవత్సరం 23వ వారం. నాలుగు టైర్లూ ఒకే కొలతవి, సరుకు బండికి తగిన బరువు తరగతివి అయి ఉండాలి.

బరువుతో నడిపి చూడటం

ఖాళీ బండిని కరకంబాడి రోడ్డు మీద ఒక చక్కర్ తిప్పి తృప్తిపడేవారే ఎక్కువ. ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి బండీ బాగానే నడుస్తుంది. మీరు రోజూ పంపే బరువుకు సరిపడా బియ్యం బస్తాలో, సిమెంటు బస్తాలో ఎక్కించి నడపనిస్తేనే కొంటానని ముందే చెప్పండి. దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది. బరువు ఎక్కించాక ముందుగా బండి వెనక్కి వెళ్లి నిలబడి చూడండి. ఒక పక్కకు ఒరిగి ఉంటే ఆ వైపు పట్టీలో, స్ప్రింగులో బలం పోయింది.

తిరుపతివారు భాకరాపేట ఘాట్ దాకా, చిత్తూరువారు పలమనేరు దారిలోని మొగిలి ఘాట్ దాకా వెళ్లి రావచ్చు. ఎక్కుడులో మూడో గేరులో యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఇంజిను శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. ఎక్కుడు మధ్యలో, వెనుక బండ్లు లేని చోట ఒకసారి ఆపి, హ్యాండు బ్రేకు వేసి, మళ్లీ ఎత్తండి. రోజూ సరుకుతో ఇలాంటి చోట ఆగవలసి రావచ్చు. ఉష్ణోగ్రత ముల్లు మీద కన్ను ఉంచాలి. పైకి ఎక్కాక ఇంజిను ఆపకుండా అయిదు నిమిషాలు అలాగే వదిలేయండి. ఫ్యాను వచ్చి, ముల్లు తన చోటుకు తిరిగి రావాలి. దిగుడులో గేరు తానే జారి న్యూట్రలులోకి వస్తే గేరుబాక్సు విప్పక తప్పదు. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగకూడదు, కిందికి దిగాక చక్రాల దగ్గర మాడిన వాసన రాకూడదు. నలభై, యాభై వేగంలో వెనుక నుంచి సన్నగా ఊళ వేసినట్టు శబ్దం వస్తూ, యాక్సిలరేటరు వదలగానే మారితే క్రౌన్ (వెనుక ఇరుసు మధ్యలోని పళ్ల చక్రం) అరిగిందని అర్థం, అది ఖరీదైన పని.

ఆ తర్వాత మీ అసలు దారిలోకి తీసుకెళ్లండి. గాంధీ రోడ్డు రద్దీలో మొదటి, రెండో గేర్ల మధ్య అరగంట నడిపితే, మీ డ్రైవరు ఎడమ కాలికి ఆ క్లచ్ ఎలా ఉందో అతనే చెబుతాడు. రోజూ నడిపేది అతనే కనుక ఈ రోజు అతన్ని తప్పకుండా వెంట ఉంచుకోవాలి.

ధర, చెల్లింపు

ధర మాట్లాడే ముందు అదే మోడలు కొత్త బండి ధర ఇవాళ ఎంతో షోరూములో అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద, చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు కొన్న యజమాని తాను పెట్టిన ధరను మనసులో పెట్టుకుని అడుగుతాడు. మీరు మాత్రం నేటి కొత్త ధర నుంచే లెక్క మొదలుపెట్టాలి. మెకానిక్ చెప్పిన టైర్లు, బ్యాటరీ, క్లచ్ ఖర్చులను, ఎఫ్సీ, ఇన్సూరెన్సు, పేరు మార్పు ఖర్చులను ఒక కాగితం మీద వరుసగా రాసి అమ్మేవారి ముందు పెడితే, బేరం మాటల మీద కాక అంకెల మీద నడుస్తుంది.

డబ్బు బ్యాంకు ద్వారానే చెల్లించండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం కింద అమ్మేవారికే తప్పు. వ్యాపార ఆస్తి కోసం ఒక రోజులో పదివేలు మించి నగదుగా ఇచ్చిన మొత్తంపై మీకు తరుగుదల రాయితీ రాదు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు చేసిస్ నంబరు, మొత్తం ధర, మిగిలిన డబ్బు ఇచ్చే తేదీ, కాగితాలు సరిగా లేకపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలన్న షరతు రాయించుకోవాలి. పాత బండ్ల డీలరు దగ్గర కొంటే, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం అతనికి ఆర్టీవో అధికార పత్రం ఉండాలి, బండి అతనికి అప్పగించిన సమాచారం 29సీ ఫారంలో నమోదై ఉండాలి.

పేరు మార్పుకు పెట్టే 29, 30 నంబర్ల ఫారాల మీద సంతకాలు తీసుకుని బీరువాలో పెట్టుకోవడం పేరు మార్పు కాదు. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షను చెబుతోంది. ఆర్సీలో పేరున్నవారే చట్టం దృష్టిలో యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది కనుక, ఈ పని తొందరగా కావడం అమ్మేవారికి కూడా మేలే. ఈ మాట చెబితే చాలామంది స్వయంగా ఆర్టీవోకు రావడానికి ఒప్పుకుంటారు. ఇన్సూరెన్సు మార్పు కోసం 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత యజమానిది, బండితో పాటు మీకు రాదు కనుక ప్రీమియం కొంత పెరుగుతుంది. బండి చేతికి తీసుకునే క్షణంలో తేదీ, గంట, నిమిషం, కిలోమీటర్ల అంకె రాసిన అప్పగింత పత్రం మీద ఇద్దరూ సంతకాలు చేసి చెరొకటి ఉంచుకోండి. ఆ గంటకు ముందు జరిగిన చలానా ఎవరిది, తర్వాతది ఎవరిది అన్న తగవు దానితో తీరుతుంది.

బండి చేతికొచ్చాక

పాత యజమాని ఫాస్టాగ్‌ను అతని చేతే మూయించి, మీ పేరున కొత్తది తీసుకోవాలి. ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, గేరు ఆయిలు, క్రౌన్ ఆయిలు, బ్రేకు ఆయిలు, కూలెంటు అన్నీ మొదటి వారంలోనే మార్పించండి. ఎప్పుడు మార్చారో అమ్మినవారు చెప్పిన తేదీ మీద ఆధారపడవద్దు. లోపల అరలు బిగించాలంటే విప్పదీయగలిగేవి పెట్టించుకోండి, బాడీని కోసి మార్చే పనులకు ఆర్టీవో అనుమతి లేకుండా పోవద్దు. వెనుక మనుషులను కూర్చోబెట్టి పంపే అలవాటు హమాలీల విషయంలో కూడా మొదటి రోజు నుంచే లేకుండా చూడాలి; సరుకు బండి వెనుక ప్రయాణించిన మనిషికి గాయమైతే పాలసీ వర్తించకపోవచ్చు. బండిలో ఒక పుస్తకం ఉంచి ప్రతి ఇంధనం నింపుడుకూ కిలోమీటర్లు, లీటర్లు, ఆ రోజు సరుకు బరువు డ్రైవరు చేత రాయించండి. రెండో నెలలో లీటరుకు వచ్చే దూరం తగ్గడం మొదలైతే, రోడ్డు మీద ఆగకముందే షెడ్డుకు తీసుకెళ్లడానికి ఆ పుస్తకం ఉపయోగపడుతుంది.